ఐదుగురి లిస్టు

రేకు కాలుతోంది. వీపు తగలకుండా ముందుకు వంగితే మోకాళ్ళు ఎదుటి రేకుకు తగులుతున్నాయి, అదీ కాలుతోంది, ఎటు జరగడానికీ లేదు వెంకటికి. ఈ ఎడారి దేశంలో అస్కర్ అనే చోట ఫ్యాక్టరీ పొగగొట్టాలకు ఇవతల, క్యాంపు వెనక చదును చేసిన ఇసుక నేల మీద శుక్రవారం శుక్రవారం కంపెనీల మధ్య బేస్‌బాల్ జరుగుతుంది. ఆ నేల అంచున నిలబెట్టిన రేకు డబ్బాను స్కోరుబోర్డు అంటారు. బయటివాళ్ళకు కనిపించేది ఆకుపచ్చ రంగు, తెల్ల గీతలు, చదరపు కంతల్లో వేలాడే అంకెల పలకలు. లోపల ఓ మనిషి ఉన్నాడన్న సంగతి వాళ్ళకు అక్కర్లేదు. అంకె మారేటప్పుడు రెండు చేతులు కనిపిస్తాయి, అవి ఎవడి చేతులైతే వాళ్ళకేం. తలుపు గాలికి కొట్టుకుంటుందని ఆట మొదలు కాగానే బయటి నుంచి కొక్కెం పెడతారు, ఆట అయ్యాక ఎవడో ఒకడు వచ్చి తీస్తాడు. పద్నాలుగు శుక్రవారాలు ఇట్లాగే గడిచాయి. ఇది పదిహేనోది, ఆఖరిది. జనవరిలో ఈ డబ్బాలో చలేసింది, మార్చిలో సుఖంగా ఉంది, ఇప్పుడు మే నెల, రొట్టెలు కాల్చుకోవచ్చు. ఒళ్ళో హాజరు రిజిస్టరు, దాని మీద ఒక తెల్లకాగితం, కాగితం మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. అంకెల పక్కన పేర్లు లేవు. మొత్తం తొమ్మిది రౌండ్ల ఆటలో ఏడు అయిపోయాయి, ఇంకా రెండు. తర్వాత మేనేజరు వస్తాడు, కాగితం కోసం చెయ్యి చాస్తాడు.

సీజన్ మొత్తంలో బాగా ఆడినవాళ్ళకు వరసగా నంబర్లు వెయ్యమన్నాడు మేనేజరు. అమెరికావాడు. వాళ్ళ దేశంలో ఏటా సీజన్ ముగియగానే పేపర్లలో ఇట్లాంటి లిస్టులు వేస్తారట, ఎవడు ఒకటి, ఎవడు రెండు అని చలికాలమంతా జనం కొట్టుకుంటారట, అది చెప్తుంటే ఆయన మొహం పండుగలా ఉంది. కొట్టుకోండి, మీ దేశం మీ ఇష్టం. ఇక్కడ మాత్రం ఆ లిస్టుకు ఇంకో పని ఉంది. ఫ్యాక్టరీలో భట్టీలు కట్టే పని అయిపోయింది, నెలాఖరుకు ఈ గ్యాంగు మొత్తానికి వీసా క్యాన్సిల్, అందరినీ ఇంటికి తోలేస్తారు, లిస్టులో ఉన్న ఐదుగురినీ, రిజిస్టరు రాసే వెంకటినీ తప్ప. ఆ ఐదుగురు వచ్చే సీజన్‌కు జట్టులో కావాలి. వాళ్ళ పాస్‌పోర్టులు ఇంకో రెండేళ్ళు ఆఫీసు బీరువాలోనే ఉంటాయి. ఉండాలనుకున్నవాడికి అది అదృష్టం, పోవాలనుకున్నవాడికి మెడకు తాడు. ఉంటావా, పోతావా అని ఎవరూ అడగరు, ఎద్దును అడుగుతారా బండి కట్టేటప్పుడు. జట్టులో పదకొండు మంది, తొమ్మిది మంది ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఒకడు కంపెనీ బస్సు నడిపే హైదరాబాదు సైఫ్, ఒకడు మల్లేష్. ఈ పదకొండు మందికి నంబర్లు వేసే పని వెంకటిదే ఎందుకంటే పదకొండేళ్ళుగా గ్యాంగు హాజరు రాస్తున్నాడు, ఒక్కరోజు, ఒక్క మనిషి పేరు మీద దొంగ గీత గియ్యలేదు. అతను రాస్తే మేనేజరు మళ్ళీ చూడడు. ఆ పేరు సంపాదించడానికి పదకొండేళ్ళు పట్టింది. పోవడానికి ఈ కాగితం చాలు.

నిన్న డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు బస్సులో మల్లేష్ పక్కన కూచున్నాడు. వెంకటి ఊరికీ వాడి ఊరికీ మధ్య ఒక వాగు, అంతే. ఈ గడ్డ మీద అటు ఊళ్ళ పేర్లు తెలిసినవాడు వాడొక్కడే. చాలాసేపు కిటికీలోంచి ఏమీ లేని ఇసుకను చూసి, చూసి, ఇటు తిరగకుండానే అన్నాడు.

"కాకా, నన్ను కింద రాయి."

"ఎంత కింద?"

"ఐదు దాటితె సాలు. అడుగున రాసినా మంచిదే."

వాడి పెళ్ళాం రమ ఫోన్ చేసిందట. చేసింది కాదు, బీడీల కంపెనీ కమీషన్ ఏజెంటు ఇంటికి వీడు ఫోన్ చేస్తే, ఆకు కత్తిరిస్తున్న కత్తెర చేతిలో పట్టుకునే వచ్చి మాట్లాడిందట. ఈసారి రాకుంటె ఇగ రాకు, నువ్వు లేవనే అనుకుంట, అట్లనే బతుకుత అన్నదట. ఏడ్చుంటే నాకు భయం కాకపోవు కాకా, ఏడ్వలేదు, కత్తెర సప్పుడు ఇనబడుతనే ఉన్నది అన్నాడు మల్లేష్. వెంకటి ఏం చెయ్యాలి అప్పుడు? సరే బిడ్డా, రాస్త అనాలి. అనలేదు. హాజరు రాసేవాడి పొగరు అడ్డం వచ్చింది. "నేను అబద్ధం రాయ. నువ్వు చెడగొట్టు, చెడగొట్టిందే రాస్త. రేపు మీదికొచ్చిన బంతి కింద పడెయ్" అన్నాడు. మల్లేష్ నవ్వాడు కూడా. "పడేసుడె గదా, అదేం పని" అన్నాడు. పొగరు కాకపోతే ఏంటది? పక్కవాడి సంసారం కూలిపోతుంటే తన చేతికి మసి అంటకూడదనుకునే బుద్ధి ఎక్కడి నుంచి వచ్చింది? రిజిస్టరు నుంచే వచ్చింది. పదకొండేళ్ళు వాళ్ళ కాగితం మోస్తే వాళ్ళ బుద్ధే పట్టుకుంటుంది.

చెడగొడుతున్నాడు వాడు, పాపం, మొదటి రౌండు నుంచీ. నేల మీద దొర్లుకుంటూ వచ్చిన బంతిని కాళ్ళ మధ్య నుంచి వదిలేశాడు. ఇంకోదాన్ని పట్టి, ఎవరూ లేని వైపు విసిరాడు. మేనేజరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు, అది ఆయన కోపం. ఇప్పటికి రెండు తప్పులు, రాసుకున్నాడు వెంకటి. కానీ పద్నాలుగు శుక్రవారాల మీద ఈ రెండు తప్పులు ఎంత? నిజం చెప్పమంటే మొదటి నంబరు వాడిదే, ఇంకెవడిదీ కాదు. మేనేజరు అయితే ఎవడు బంతిని దూరం కొట్టాడో చూస్తాడు, కొట్టినప్పుడు చప్పట్లు కొడతాడు. వెంకటికి ఆట ఎవరూ నేర్పలేదు, కంతలోంచి చూసి చూసి నేర్చుకున్నదే, అందుకని గ్యాంగును చూసినట్టే చూశాడు. గ్యాంగులో మంచి పనివాడు ఎవడు? పక్కవాడి పని తేలిక చేసేవాడు. ఆ లెక్కన రెండో నంబరు గొంతుకూర్చునేవాడిది, కొట్టేవాడి వెనకాల ఆటంతా గొంతుకూర్చుని వచ్చిన ప్రతి బంతినీ పడతాడు, లేస్తాడు, కూచుంటాడు, వాడి మోకాళ్ళను ఎవడూ మెచ్చుకోడు. మూడు ఎడమచేతివాడు, విసిరేవాడు. నాలుగు పొట్టివాడు, మధ్యలో నిలబడి పరిగెత్తుతూనే ఉంటాడు. ఐదు బక్కవాడు, ఎవడి బంతి జారినా వెనక నుంచి అందుకుంటాడు. పేర్లు వేరే ఉన్నాయి వాళ్ళకు, వెంకటికి ఇవే పేర్లు. ఐదు సైఫ్‌ది కావచ్చు, మల్లేష్ లేక అందరూ ఒక మెట్టు పైకి జరిగితే. మల్లేష్ ఉంటే సైఫ్ ఆరు. ఇందాక కొక్కెం పెడుతూ సైఫ్ కంతలోంచి లోపలికి తొంగి చూశాడు, మేస్త్రీ సాబ్, దయచేసి ఐదులో పెట్టు, హైదరాబాదులో మా మేనమామ కూతురు తస్లీమ్ నికా బట్టలు కూడా కొనుక్కుని కూచుంది అని చేతులు జోడించాడు. నవ్వులాట కాదది, వాడు రెండేళ్ళుగా ఆ పిల్ల నుంచి దాక్కుంటున్నాడు. అంటే ఒక్క అబద్ధానికి ఇద్దరు బాగుపడతారు. మల్లేష్ పోతాడు, సైఫ్ ఉంటాడు. చెడేది ఎవడు మరి?

చెడేది వెంకటి. ఆ మాట ఈ డబ్బాలో ఒప్పుకోవచ్చు, ఎవడూ వినడు. నిజం రాస్తే మల్లేష్ ఉండిపోతాడు. బస్సులో పక్కన కూచుంటాడు, శుక్రవారం పచ్చిపులుసు చేస్తాడు, ఉల్లిగడ్డ సన్నగా తరుగుతాడు, వాగు సంగతి ఎత్తుతాడు, ఈ ఏడు నీళ్ళొచ్చినయట కాకా అంటాడు. నిజం రాయడానికి వెంకటికి ఎంత ఆశగా ఉందో చూసుకుంటే అసహ్యం వేసింది. ఊరికే అన్నాడా నిన్న, నేను అబద్ధం రాయ అని? నిజం మీద ప్రేమా అది? పచ్చిపులుసు మీద ప్రేమ. నిజం పేరు చెప్పి మనిషిని కట్టేసుకోవడం వెంకటికి ఇంకొకడు నేర్పాడు, ఇమ్తియాజ్ ఫోర్‌మాన్, ఎప్పటి మాటో, వెంకటి ఇనుప రాడ్లు కట్టే రోజులు. అప్పుడూ ఒక లిస్టు రాశారు, నలభై మందిలో వెంకటి ఒకటో నంబరు. అందరి ముందు పిలిచి భుజం తట్టారు. ఆ రోజు క్యాంపులో నిద్ర పట్టలేదు సంతోషానికి, ఛీ. నాలుగు నెలల తర్వాత సెలవు అడిగితే ఇమ్తియాజ్ ఆ లిస్టే తీసి చూపించాడు. నువ్వు నంబర్ వన్ కదా భాయ్, నువ్వు పోతే పని ఆగుతుంది, చివరివాణ్ణి పంపితే ఎవడికీ నష్టం లేదు. పోయాడు చివరివాడు, రాడ్డు కట్టడం రానివాడు, రోజూ తిట్లు తిన్నవాడు, హాయిగా విమానం ఎక్కి పోయాడు. తర్వాత నమ్మకస్తుడని రిజిస్టరు ఇచ్చారు. ఎండలోంచి నీడకు వచ్చాడు, అందరూ అదృష్టమన్నారు. నమ్మకస్తుణ్ణి అసలు పంపరు. మెచ్చుకున్న ప్రతిసారీ ఇంకో తాళం పడింది, ప్రతి తాళానికీ వెంకటి సలాం కొట్టాడు.

ఈ పదకొండేళ్ళలో రెండుసార్లు ఊరికి పోయొచ్చాడు, ఒక్కోసారి నెల. పెళ్ళాం భీమవ్వ ఎప్పుడొస్తవు అని అడగడం మానేసి మూడేళ్ళయింది. ఇప్పుడు ఫోన్ చేస్తే బర్రె ఈనిందని చెప్తుంది, మోటారు కాలిందని చెప్తుంది, చెప్పాల్సింది అయిపోగానే మరి పెట్టనా అంటుంది. ఆమే ముందు పెట్టేస్తుంది. ఆ పెట్టనాలో కోపం లేదు, అదే వెంకటిని చంపుతుంది. రమ ఇంకా బెదిరిస్తోంది, బెదిరించేదాకా ఆశ ఉన్నట్టే, కత్తెర సప్పుడు ఇనబడుతనే ఉన్నది అన్నాడు వాడు. ఆ సప్పుడు ఆగకముందే పంపాలి వాణ్ణి. పలక మార్చాలి, ఎనిమిదో రౌండు సున్నా. వెంకటి రెండు చేతులు కంతలోంచి బయటికి పోయి సున్నాను తగిలించి వచ్చాయి. చేతులకు గాలి తగిలింది. తలకాయకూ ఒక కంత కొట్టుంటే ఏం పోయింది వీళ్ళకు?

తొమ్మిదో రౌండు. అవతలి కంపెనీ కొడుతోంది, ఇవతలివాళ్ళు కాపలా. ఒక్క పరుగు ఎక్కువ ఉంది మనకు. మనకు అనుకున్నాడు, చూడు, మనకట, డబ్బాలో కూచున్నవాడికి. వాళ్ళు ముగ్గురు అవుటైతే ఆట ఖలాస్, ఇద్దరు అయ్యారు. ఇంకొక్కడు. అవతలివాళ్ళ ఆటగాళ్ళు ఇద్దరు మధ్యలో పరుగుకు కాచుకుని ఉన్నారు, బంతి ఎక్కడైనా కింద పడిందా ఇద్దరూ ఇల్లు, అంటే కొట్టేవాడు నిలబడే చోటు, చేరతారు, గెలుస్తారు. మల్లేష్ దూరంగా మూలన, కంచె దగ్గర, స్కోరుబోర్డుకు ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాడు, ఈ కంతలోంచి వాడి వీపు, చెమటకు అంటుకుపోయిన చొక్కా కనిపిస్తున్నాయి. ఒక్కసారి వెనక్కి తిరిగి కంత వైపు చూశాడు. వెంకటి లోపల తల ఊపాడు. వాడికి కనిపించలేదు, కనిపించదు, అయినా ఊపాడు. ఇటు రావాలి బంతి, ఒక్కటి రావాలి పైనుంచి, అందరూ చూస్తుండగా వాడి చేతుల్లోంచి జారాలి. ఆఖరి ఆట, ఆఖరి బంతి, ఓడగొట్టినవాడు. అప్పుడు అడుగున రాసినా ఎవడూ ఏమనడు. వెంకటి రాసింది అబద్ధం కూడా కాదు.

వచ్చింది. కర్ర చప్పుడు ముందు వినిపించి, ఆ తర్వాత బంతి కనిపించింది, పొగగొట్టాల మీదుగా ఎంత పైకి పోయిందంటే దిగడం మర్చిపోయినట్టు ఉంది. మల్లేష్ కదల్లేదు, అవసరం లేదు, సరిగ్గా వాడి నెత్తి మీదికే దిగుతోంది. పడెయ్ రా, పడెయ్ బిడ్డా. వాడి చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి, తొడలకు అతుక్కుని, వాటిని వాడే కష్టపడి అదిమి పట్టుకున్నట్టు. అట్లాగే ఉండు. ఇంకొంచెం. అచ్చిబాబు. ఈ పేరు ఇప్పుడెందుకొచ్చింది? వచ్చింది, ఎందుకు రాదు. నాలుగేళ్ళ కిందట, మల్లేష్ వచ్చిన కొత్త, భట్టీ ఇటుకలు చేతులు మార్చి పైకి ఎక్కిస్తున్నారు, ఒక్కో ఇటుక తొమ్మిది కిలోలు, కిందివాడు విసురుతాడు, పైవాడు పట్టి ఇంకా పైవాడికి విసురుతాడు, మెట్టుకొకడు, ఎనిమిది మెట్లు. ఐదో మెట్టు మీద మల్లేష్ చేతుల్లోంచి ఇటుక జారింది. కింద రెండో మెట్టు మీద అచ్చిబాబు, కాకినాడ వైపు మనిషి, పాట పాడుతున్నాడు. పాట ఆగిపోయింది. అచ్చిబాబు లేవలేదు. ఎవరూ మల్లేష్‌ను ఏమీ అనలేదు, ఇటుకలు జారతాయి, టోపీలు ఇవ్వనివాడిది తప్పు అని వెంకటే అందరి ముందూ అరిచాడు, అరిచి హాజరులో అచ్చిబాబు గీత కొట్టేశాడు. ఆ మర్నాటి నుంచి మల్లేష్ చేతుల్లోంచి ఏదీ కింద పడలేదు. చాయ్ గ్లాసు పడలేదు, అగ్గిపెట్టె పడలేదు, క్యాంటీన్లో ఎవడి పళ్ళెమో జారితే వీడి చెయ్యి వెళ్ళి పట్టుకునేది. ఇటుకలు అందుకోవడం చూసే కదా మేనేజరు వాణ్ణి జట్టులోకి లాక్కొచ్చింది. వెంకటి అన్నీ గుర్తుపెట్టుకుని ఇది ఎట్లా మర్చిపోయాడు? బంతి పడెయ్ అని ఎట్లా అన్నాడు? కింద ఒక మనిషి ఉన్నాడని ఆ చేతులకు తెలుసు. ఎప్పటికీ ఉంటాడు. కంతకు మొహం ఆనించి చూస్తున్నాడు వెంకటి, ఆఖరి గజం, ఆఖరి అడుగు, ఆ చేతులు వాడిని అడక్కుండా లేచాయి. రెండూ లేచాయి. బంతి వాటిలోకి వచ్చి కూచుంది.

అరుపులు. ఫిలిప్పీన్స్ వాళ్ళు పరిగెత్తి వచ్చి మల్లేష్‌ను ఎత్తుకున్నారు. ఎత్తుకున్నవాళ్ళ మీద నుంచి వాడి మొహం కనిపించింది, బంతిని గుండెకు హత్తుకుని ఏడుస్తున్నాడు, వాళ్ళు అది సంతోషమనుకుని ఇంకా పైకి ఎగరేశారు. వెంకటి కూచున్నాడు. వీపు రేకుకు తగిలింది, తగలనీ. కాగితం మీద రెండు, మూడు, నాలుగు, ఐదు నింపాడు. ఒకటి దగ్గర పెన్ను ఆగింది. అడుగున రాస్తే ఇప్పుడు ఎవడు నమ్ముతాడు? మైదానమంతా చూసింది. అబద్ధం ఆడే దారిని కూడా తన నీతితోనే మూసేసుకున్నాడు, నిన్ననే సరే అనుంటే ఇందాకే కాగితం మడిచి పెట్టేవాడు. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. తలుపు తియ్యాలన్న ఆలోచన కూడా రాలేదు ఆ మనిషికి, సున్నా వేలాడే కంతలో పలకను పక్కకు జరిపి ఎర్రటి చెయ్యి ఒకటి లోపలికి వచ్చింది, అరచెయ్యి పైకి పెట్టి. వెంట్రుకలు బంగారం రంగులో మెరుస్తున్నాయి. లిస్ట్, వెంకటి, అని బయట గొంతు ఆనందంగా అడిగింది. నంబర్ వన్ మల్లేష్, అవునా, ఎంత బాగా పట్టాడు, ఎంత బాగా పట్టాడు అంది. ఆ చేతిని చూస్తూ కూచున్నాడు వెంకటి. రేట్లు, పేర్లు, హాజర్లు, పాస్‌పోర్టులు అన్నీ ఇట్లాంటి అరచేతుల్లోకే పోయాయి. ఈ చేతికి ఏం కావాలి? మంచి పనిముట్టు కావాలి. పనిముట్టు విరిగితే?

"నంబర్ వన్ మల్లేషే సర్" అన్నాడు. "కానీ షోల్డర్ ఖలాస్. కుడి భుజం. సీజనంతా దాచిపెట్టిండు. ఇయ్యాల రెండు తప్పులు అందుకే. వచ్చే సీజన్ ఆ చెయ్యి లేవదు."

ఎప్పటి నుంచి, ఎట్లా తగిలింది, డాక్టరుకు చూపించాడా, ఇవేవీ రాలేదు కంతలోంచి. వస్తాయని ఎక్కడో చిన్న ఆశ ఉండింది వెంకటికి, సిగ్గు లేకుండా ఇంకా ఉండింది. నువ్వు చెప్తున్నావు కాబట్టి నిజమే అయ్యుంటుంది అంది గొంతు, పోయింది ఆనందం. పాడైపోయిన సామాను మాట వచ్చినప్పుడు స్టోరులో ఎట్లా మాట్లాడతారో అట్లా అంది, సరే, ఇంకెవరున్నారు? వెంకటి కాగితం మీద ఒకటి పక్కన ఖాళీలో గొంతుకూర్చునేవాణ్ణి రాశాడు, కింద రాసినవి కొట్టేసి ఒక్కొక్కణ్ణీ ఒక మెట్టు పైకి జరిపాడు, ఇటుకలు జరిపినట్టే, ఐదో చోట సైఫ్ వచ్చాడు, ఆ నలుగురు పోను మిగిలిన ఫిలిప్పీన్స్ వాళ్ళలో సైఫ్ కన్నా మెరుగైనవాడున్నాడా అని ఒక్కసారి చూసుకున్నాడు కూడా. బుద్ధి ఎక్కడికి పోతుంది? కాగితం అరచేతిలో పెట్టాడు. పదకొండేళ్ళ తర్వాత మొదటి దొంగ హాజరు. వేళ్ళు ముడుచుకున్నాయి, చెయ్యి వెనక్కి పోయింది, సున్నా పలక ఊగి ఊగి ఆగింది.

కొక్కెం చప్పుడైంది. తలుపు తెరుచుకుంటే ముందు గాలి వచ్చింది, దాని వెనక మల్లేష్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలికి రాలేదు, గడప లాంటి ఇనుప పట్టీ మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. వాడి కుడి చెయ్యి తలుపు పై అంచును పట్టుకుని ఉంది.

"నా శాతగాలె కాకా. పడెయ్యాల్ననే ఉంటి. ఎన్నో నంబరు రాసినవ్?"

"నీ పేరు లేదు."

అర్థం కాలేదు వాడికి. ఒకటి పక్కన లేదా, కిందనా, అని అడగబోయాడు.

"లిస్టుల నువ్వు లేనే లేవురా. నీ కుడి భుజం పోయిందని చెప్పిన. ఆ చెయ్యి దించు" అన్నాడు వెంకటి. "విమానం ఎక్కేదాక మల్ల లేపకు. అన్నం గూడ ఎడమ చేత్తోనే తిను."

తలుపు అంచు మీది చెయ్యి వెంటనే దిగలేదు. మల్లేష్ దాని వైపు చూశాడు, వేరేవాడిది ఎవడిదో అక్కడ పెట్టి మర్చిపోయినట్టు. తర్వాత మెల్లగా దించాడు. అది తొడ పక్కన ఆగింది. కాకా, అన్నాడు, నిన్ను ఏమంటరు రేపు తెలిస్తె?

"ఏమంటరు. నమ్మకస్తుణ్ణి గదా. పో, రమకు ఫోన్ చెయ్యి."

లోపల పలకలు తుడిచి పేర్చాలి, ఇరవై ఏడు పలకలు, వచ్చే సీజన్ దాకా. ఈలోగా గాలికి తలుపు కొట్టుకుంటూనే ఉంటుంది. మల్లేష్ ఎప్పుడూ పెట్టే అలవాటుకు కొక్కెం పెట్టబోయి ఆగాడు. పెట్టు, అన్నాడు వెంకటి, సైఫ్ వచ్చి తీస్తడు. ఎడమ చేత్తో కొక్కెం వెయ్యడం వాడికి రాలేదు, రెండుసార్లు జారింది, మూడోసారికి పడింది. వెంకటి కంత దగ్గరికి జరిగి చూశాడు. క్యాంపు వైపు పోతున్నాడు మల్లేష్, అందరూ వీపు మీద చరుస్తున్నారు, ఒకడు బంతి విసిరాడు వాడి వైపు, ఊరికే, సరదాకి. కుడి చెయ్యి కొంచెం లేచింది. ఆగింది. బంతి వాడి భుజానికి తగిలి ఇసుకలో పడింది. మల్లేష్ ఆగి దాన్ని చూశాడు. దాని కింద ఎవరూ లేరు. మళ్ళీ నడిచాడు, ఆ చెయ్యిని వేలాడదీసుకుని.